స్టీమరు పోయినా తాళం భద్రం

నీళ్ల మధ్యలో నిలువునా తగలబడిపోయిన మన చెక్క స్టీమరు సమగ్ర చరిత్ర ఇటీవల ఘనంగా ఆవిష్కృతమైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గ్రంథం చాలా పెద్దది. స్టీమరు యజమాని పుట్టుక, విద్య, మీసకట్టు, దానగుణం, అన్నిటికీ అధ్యాయాలున్నాయి. అగ్నిప్రమాదానికి అరపేజీ సరిపోయింది. గ్రంథకర్త యజమానిగారి మనవడే కావడంతో చరిత్ర చేయి దాటిపోకుండా ఇంట్లోనే ఉంది.

ఆ అరపేజీ సారాంశం ఇది. స్టీమరులో నిప్పు ఆర్పే గొట్టం ఒకటి ఉండేది. ఒకసారి దాన్నెవరో ఎత్తుకుపోయారు. దూరదృష్టి గల యజమాని కొత్త గొట్టాన్ని పెట్టెలో పెట్టి తాళం వేయించి, తాళంచెవిని తన ఇంటి బీరువాలో దాచారు. ఆ తర్వాత గొట్టం ఒక్కసారి కూడా పోలేదు. బాయిలరు పక్క గోడ అంటుకున్న నాడు స్టీమరు నడిపే సరంగు ఏమాత్రం తొణకలేదు. "తాళంచెవి వచ్చేదాకా ఎవరూ పెట్టె ముట్టుకోకండి," అన్నాడు. ఒడ్డు కంటికి కూడా ఆనడం లేదు. అందరూ క్రమశిక్షణతో దగ్గుతూ నిలబడ్డారు. బొగ్గు వేసే మనిషి ఒకడు మాత్రం గొడ్డలితో తాళం పగలగొట్టి, ప్రయాణికులంతా పడవల్లోకి దిగేదాకా నీళ్లు కొడుతూ ఉండిపోయాడు. తను దిగలేదు. కంపెనీ ఆస్తిని ధ్వంసం చేసిన నేరస్థుడని విచారణ సంఘం తేల్చింది. విచారణకు హాజరు కానందుకు మందలించింది కూడా.

ఆవిష్కరణ సభ జరిగింది ఆ స్టీమరు నమూనాలో మనవడుగారు కట్టించిన చెక్క హాల్లోనే. చరిత్రంటే ఆయనకెంత గౌరవమో! గోడకు గొట్టం పెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి ఆయనగారి బీరువాలో. అంతా యథాతథం.

బొగ్గు మనిషి కూతురు, ఇప్పుడు పండు ముసలావిడ, కొసకు ఇనప పొన్ను వేసిన చేతికర్ర పట్టుకుని వచ్చింది. వేదికెక్కుతున్న మనవడుగారికి అడ్డం వెళ్లింది.

"బాబూ, మా నాన్నని నేరస్థుడని రాశారు. ఆ ఒక్క మాట కొట్టేయండి. నేను పోయేలోపు కళ్లారా చూసుకుంటాను."

"అచ్చయిపోయింది కదా మామ్మగారూ! మలి ముద్రణలో తప్పకుండా సవరిస్తాం," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

"మా తాతగారు దూరదృష్టికి మారుపేరు!" అని ఆయన ఉపన్యాసం అందుకోగానే వెనక తెర దీపానికి తగిలి అంటుకుంది. పొగ తలుపును కమ్మేసింది. కార్యదర్శి పెట్టె దాకా పరుగెత్తి, తాళం చూసి, వినయంగా చేతులు కట్టుకున్నాడు. "కంగారు పడకండి, తాళంచెవి కోసం మనిషిని పంపుతున్నాం," అని మైకులో ప్రకటన వెలువడింది. మనమంతా క్రమశిక్షణతో దగ్గుతూ కూర్చున్నాం.

"మళ్లీ ఇదేనా, మీ తెలివి తెల్లారా!" అంటూ ముసలావిడ లేచింది. కర్ర పొన్ను పెట్టె తాళం కొక్కెంలో దూర్చి, ఒళ్లంతా బరువేసి వంచింది. కొక్కెం ఊడొచ్చింది. గొట్టం లాగి తనే నీళ్లు కొట్టింది. ఆవిడ చేయి కాలింది గానీ మంట ఆరింది. మనం బయటపడ్డాం.

మలి ముద్రణ త్వరలోనే వచ్చింది. మాట ఇచ్చినట్టే సవరించారు. "నేరస్థుడు" అని ఉన్నచోట ఇప్పుడు "నేరస్థుల కుటుంబం" అని ఉంది.

పెట్టెకు ఇంకా గట్టి తాళం బిగించడానికి మళ్లీ సభ పెట్టారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తమన్నారు. కట్టు కట్టిన చేయి ఒక్కటే లేచింది. ఆ రోజు కాలకుండా బయటపడ్డ చేతులన్నీ చప్పట్లు కొడుతున్నాయి. వాటిలో నావీ ఉన్నాయి, మీవీ ఉన్నాయి.