మూడుకొకటి వాలు

"ఎంత దూరం పోతే ఎంత ఎత్తు ఎక్కినాం? మానవ జీవితమంతా ఇదే లెక్క!" అని ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు సంఘం అధ్యక్షులు జగ్గారావు గారు ప్రకటించారు. రైల్వే వర్క్‌షాపు ఆఫీసులో ఫైళ్లు తోసి తోసి రిటైరైన మనిషి. పట్టాల ఎత్తుపల్లాలు తనకు తెలిసినంతగా ఇంజనుక్కూడా తెలియవని ఆయన నమ్మకం. మనవడి మార్కులకీ, ఉల్లిపాయల ధరకీ, భార్య రత్నం కోపానికీ కూడా వాలు కట్టేవారు. రత్నం వాలు ఎప్పుడూ పైకే!

సందర్భం ఏమిటంటే, సంఘం హాలు అరుగు రెండడుగుల ఎత్తు. రైల్వే బడిలో లెక్కలు చెప్పిన నీలవేణి టీచరమ్మకి కాళ్లు చచ్చుబడి చక్రాల కుర్చీ వచ్చింది. మీటింగుకొస్తే నలుగురు బస్తాలా ఎత్తి లోపల దించేవారు. ఆ సిగ్గు భరించలేక ఆమె రావడమే మానేసింది. తన చేతులతో తనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్లాలని ఆమె కోరిక. అందుకే ర్యాంపు.

"అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాల. పన్నెండుకొకటి" అంది టీచరమ్మ.

జగ్గారావు చూపు వాకిలి మీదికి పోయింది. వాకిలంతా ర్యాంపే మింగేస్తే తన పేరు చెక్కిన పాలరాతి ఫలకానికి చోటేదీ? ఇందా బజారులో చెక్కించడం కూడా అయిపోయింది!

"పన్నెండా! అంత ఏటవాలు మీరు తట్టుకోలేరు టీచరమ్మా! మూడుకొకటి కట్టిస్తాను. పన్నెండు కన్నా మూడు సిన్నది గదేటి?"

కార్యవర్గం చప్పట్లు కొట్టింది. అధ్యక్షులవారి లెక్కను తప్పనేవాడెవడు?

ప్రారంభోత్సవం నాటికి ఆరడుగుల ర్యాంపు నిచ్చెనలా నిలబడింది. దాని కింది కొసకి ఎదురుగా ఫలకం మెరుస్తోంది. టీచరమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. సంఘం కొన్న కొత్త చక్రాల కుర్చీ ఖాళీగా ఉంటే దానికేసి చూపించింది.

"ముందు మీరెక్కి సూపించండి."

జగ్గారావు దండతో సహా కూర్చున్నారు. కార్యదర్శి ఉమాశంకర్ వెనకనుంచి తోశాడు. సగం ఎక్కేసరికి ఫొటోగ్రాఫర్ "ఇటు సూడండి!" అన్నాడు. ఉమాశంకర్ పక్కకు జరిగి జుట్టు సర్దుకున్నాడు.

కుర్చీ వెనక్కి బయల్దేరింది!

"ఒరే, పట్టుకోండ్రా!"

"జగ్గారావు గారూ, ఏది ఎక్కువ వాలు? మూడుకొకటా, పన్నెండుకొకటా?" అని టీచరమ్మ అరిచింది.

"మూడే! మూడే టీచరమ్మా! పట్టుకోమనండి!"

ఫలకం పట్టుకుంది. అది రెండు ముక్కలైంది, ఆయన క్షేమం.

నెల తిరక్కుండా ర్యాంపు పన్నెండుకొకటి చొప్పున సాగింది. కింద మొదలు దగ్గర పరచడానికి రాయి చాలకపోతే బెంగాలీ మేస్త్రీ రాబిన్ దాదా ఫలకం ముక్కనే పరిచేశాడు, పేరు పైకి కనబడేలా.

నీలవేణి టీచరమ్మ ఎవరి చెయ్యీ తగలకుండా ఆ పేరు మీదుగా చక్రాలు తిప్పుకుంటూ హాల్లోకి వెళ్లింది. సంతోషంతో ఆమె కళ్లు నిండాయి.

జగ్గారావు ఛాతీ విరుచుకుని కార్యవర్గం వైపు తిరిగారు.

"సూసినారా? నా పేరు లేకపోతే ఆవిడ ఎక్కగలదేటి?"