పంపు పక్కన జంట

సోమవారం ఉదయం రికార్డు గుమాస్తా వేసుకున్న ప్లాను చిన్నది. పదిన్నరకు మేనేజరు గదిలోకి వెళ్ళాలి. బదిలీ ఆపమని తను పెట్టుకున్న అర్జీ మీద సిఫారసు సంతకం చేయించుకోవాలి. పదకొండుకి టీ తాగాలి.

ఆయన భార్యకు పదకొండేళ్ళ ప్రయత్నం తర్వాత ఇంటికి రెండు వీధుల అవతల బడిలో ఉద్యోగం దొరికి నెల కాలేదు. అర్జీ తిరిగొస్తే ఆయన ఆరు గంటల ప్రయాణం దూరంలో ఒక్కడే గది తీసుకుని ఉండాలి. ఒక్కడే పడుకోవాలంటే ఆయనకు భయం. ఆ సంగతి అర్జీలో రాయలేదు.

మేనేజరు అప్పటికే బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"మూడు రోజులు ట్రైనింగ్ అండీ. గురువారం వస్తాను. రాగానే మీ అర్జీ మీద సంతకం పెట్టేస్తాను. ఈలోగా మీకో చిన్న బాధ్యత" అని గోడవారగా ఉన్న చేపల తొట్టె చూపించాడు.

నలభై లీటర్ల తొట్టె అది. పాత మేనేజరుది. ఆయన ప్రమోషన్ మీద హెడ్డాఫీసుకు వెళ్తూ, ఇల్లు కుదిరాక తీసుకెళ్తానని దాన్ని ఇక్కడే వదిలాడు. బదిలీల ఫైళ్ళన్నీ ఇప్పుడు ఆయన టేబుల్ మీదికే వెళ్తాయి. ఆఫీసులో ఆయన్ని పెద్దాయన అంటారు. మనుషుల పేర్లు మరిచిపోతాడు గానీ చేపల్ని మరిచిపోడు.

మేనేజరు టైపు చేసిన కాగితం ముందుకు తోశాడు. 'చేపలు: పన్నెండు. ప్రాణంతో ఉన్నవి. స్వీకరించాను.'

ఇరవై రెండేళ్ళ సర్వీసులో లెక్కపెట్టకుండా గుమాస్తా దేన్నీ స్వీకరించలేదు. బీరువా పక్కనున్న కుర్చీలో, తొట్టె మూలకు ఎదురుగా కూర్చున్నాడు. వేలెడంత టెట్రాలు, విసనకర్ర తోకల గప్పీలు, అడుగున ఇసుక నాకుతూ రెండు కోరీ చేపలు. మూలలో పంపు పక్కన రెండు టెట్రాలు జంటగా నిలబడి ఉన్నాయి. ఒకటి తిరిగితే రెండోదీ తిరుగుతోంది. ఆయన మూడుసార్లు లెక్కపెట్టాడు.

"పన్నెండు సార్" అని సంతకం పెట్టాడు.

మేనేజరు ఆయన వంకా తొట్టె వంకా చూశాడు. ఏదో అనబోయి, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

మంగళవారం ఉదయం గుమాస్తా మేత వేయడానికి తొట్టె ముందు నిలబడ్డాడు. పదకొండే ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. రాయి కింద చూశాడు. తొట్టె వెనక నేల మీద చూశాడు. పదకొండే.

"అమ్మాయ్! ఒకసారి ఇలా రా" అని టైపిస్టును పిలిచాడు. "జంటలో ఒకటి పోయింది."

ఆమె వంగి చూసింది. "అయ్యో బాబాయ్! మరి రెండోది దిగులు పెట్టుకుంటుందేమో."

"దాని దిగులు తర్వాత. నా సంగతి చూడు. కాగితం మీద పన్నెండుంది."

"ఏ రకం ఎన్ని అని రాశారా?"

రాయలేదు. సంఖ్య మాత్రమే ఉంది. గుమాస్తాకు ఊపిరి వచ్చింది. చేప అయితే చాలు.

చేపల కొట్టువాడికి మేనేజరు తెలుసు. విషయం బయటికి పొక్కుతుందని గుమాస్తా రుమాలుతో సగం మొహం తుడుచుకుంటూనే మాట్లాడాడు.

"ఒక్క చేప కావాలి. ఏదైనా పర్లేదు."

"తొట్టెలో ఇంకేం ఉన్నాయండీ?"

"ఏమీ లేవు. ఖాళీ."

"ఖాళీ అయితే ఏదైనా బతుకుద్ది" అని కొట్టువాడు ఒంటి మీద నల్ల చారలున్న టైగర్ బార్బ్ ఒకటి సంచిలో వేశాడు. "గుంపులో ఉండే రకం. ఆరు తీసుకోండి."

"ఒక్కటే కావాలి."

బుధవారం ఉదయానికి నాలుగు గప్పీలకు తోకలు సగమే ఉన్నాయి. మిగతా చేపలన్నీ రాయి వెనక ఇరుక్కుని ఉన్నాయి. బార్బ్ తొట్టె మధ్యలో తిరుగుతోంది. గుమాస్తా మళ్ళీ కొట్టుకు పరిగెత్తాడు.

"అది తోకలు కొరికేస్తోందయ్యా!"

"ఖాళీ తొట్టె అన్నారు కదండీ. తోకలెక్కడివి?"

కొట్టువాడు నిట్టూర్చాడు.

"ఒంటరిగా ఉంటే అది పక్కవాళ్ళ మీద పడుద్దండీ. ఇంకో ఐదు తోడున్నాయనుకోండి, వాటిలో అవే కొట్టుకుంటాయి, మిగతావాళ్ళ జోలికి రావు. మా బావమరుదులూ అంతే."

ఐదు బార్బులు వచ్చాయి. కొట్టువాడు చెప్పినట్టే వాటిలో అవే తరుముకున్నాయి. కాకపోతే ఇప్పుడు తొట్టెలో పదిహేడు చేపలున్నాయి. తక్కువైతే ఒక సంజాయిషీ, ఎక్కువైతే ఇంకో సంజాయిషీ అని గుమాస్తాకు తెలుసు. ఆ రాత్రి అన్నం సహించలేదు. "కొత్తచోట గదుల అద్దెలు ఎలా ఉంటాయో" అని భార్యతో అన్నాడు. ఆమె నుదురు పట్టి చూసింది.

గురువారం ఉదయానికి, అన్ని చేపలకు తొట్టె చాలక, నీళ్ళు పాలలా అయ్యాయి. పదిహేడు చేపలూ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"ఏదో చెబుతున్నాయి బాబాయ్" అంది టైపిస్టు.

"నా పేరు చెబుతున్నాయి."

అప్పుడే ఫోను మోగింది. ఆమె విని, పెట్టేసి, మెల్లగా చెప్పింది. "మేనేజరుగారు. మధ్యాహ్నం మూడింటికి వస్తారట. వెంట పెద్దాయన కూడా. తొట్టె తీసుకెళ్ళడానికి."

గుమాస్తా మేత డబ్బా బల్ల మీద పెట్టి కుర్చీ లాక్కున్నాడు.

"కూర్చోకండి బాబాయ్. కూర్చుంటే లేవలేరు. ముందు ఆ దొంగ వెధవల్ని బయటికి తీద్దాం" అంటూ ఆమె టీ వడపోసే జల్లెడ తెచ్చింది. ఆరు బార్బులను పట్టడానికి గంటన్నర పట్టింది. గాజు జగ్గులో నీళ్ళు పోసి వాటిని వేసి, రికార్డు గదిలో ఫైళ్ళ వెనక దాచారు. కుళాయి నీళ్ళు పోయకూడదని ఫోనులో కొట్టువాడు చెప్తే, వాడి కొట్టునుంచే మూడు బకెట్ల నీళ్ళు తెప్పించి తొట్టెలో సగం నీళ్ళు మార్చారు. రెండున్నరకు తొట్టె తేటపడింది. పదకొండు చేపలు. పన్నెండోది లేదు.

మూడింటికి పెద్దాయన వరండాలో ఎవరితోనో మాట్లాడుతూ ఆగిపోయాడు. మేనేజరు ఒక్కడే లోపలికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. గుమాస్తా మోచెయ్యి పట్టుకుని రికార్డు గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూశాడు.

"సార్, నేను చెప్పేది వినండి. తప్పు నాదే..." అని గుమాస్తా మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి. తప్పు నాది. ఆదివారమే ఒక టెట్రా చచ్చిపోయింది. నేను మీకు పదకొండే అప్పగించాను."

గుమాస్తా నోరు తెరిచాడు, మూశాడు, తెరిచాడు.

"చూడకుండా సంతకం పెడతారనుకున్నాను" అన్నాడు మేనేజరు. "మీరు మూడుసార్లు లెక్కపెట్టి పన్నెండు అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. చచ్చింది లేచి వచ్చిందేమోనని..." ఆయన మాట ఆగిపోయింది. ఫైళ్ళ సందులోంచి ఆరు చేపలు ఆయన్నే చూస్తున్నాయి. "ఇవేంటి?"

గుమాస్తా ఆ మాట వినలేదు. తలుపు తోసుకుని వెళ్ళి బీరువా పక్క కుర్చీలో కూర్చున్నాడు. మూలలో పంపు పక్కన రెండు టెట్రాలు. కుర్చీ రెండడుగులు జరిపాడు. ఒకటే. మళ్ళీ వెనక్కి జరిపాడు. రెండు. మూలలో ఉన్న ఒకే చేప ముందు అద్దంలోంచి ఒకసారి, పక్క అద్దంలోంచి ఒకసారి కనబడుతోంది.

"సార్, ఇలా కూర్చోండి" అన్నాడు వెనకే వచ్చిన మేనేజరుతో.

మేనేజరు కూర్చుని, లెక్కపెట్టి, లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వరండాలో బూట్ల చప్పుడు దగ్గరైంది. గుమాస్తా తువ్వాలు తీసి కుర్చీ తుడిచాడు. కాలితో సరిగ్గా మూలకు ఎదురుగా జరిపాడు.

పెద్దాయన అందులోనే కూర్చున్నాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. మధ్యలో ఆగాడు.

"గప్పీల తోకలు ఇలా అయ్యాయేంటి?"

"మీరెళ్ళాక బెంగ పెట్టుకున్నాయి సార్" అన్నాడు మేనేజరు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఈ పంపు దగ్గర రెండూ బాగా కలిసిపోయాయే. ఒకటి తిరిగితే రెండోదీ తిరుగుతోంది." జేబులోంచి పెన్ను తీసి, 'పన్నెండు, ప్రాణంతో ఉన్నవి, స్వీకరించాను' అన్న కాగితం మీద సంతకం పెట్టాడు. అదే పెన్నుతో, మేనేజరు అప్పటికప్పుడు సిఫారసు రాసిన అర్జీ మీద కూడా పెట్టాడు.

వారం తిరక్కుండానే పెద్దాయన తన కింది అధికారికి తొట్టె అప్పగించి, పన్నెండని కాగితం రాయించుకుని, సెలవు మీద వెళ్ళాడని తెలిసింది. గుమాస్తా రోజూ సాయంత్రం ఐదున్నరకు తన ఇంటికే వెళ్తున్నాడు. ఆరు బార్బులు రికార్డు గదిలో కొత్త తొట్టెలో ఉన్నాయి. ఏ కాగితంలోనూ లేవు కాబట్టి వాటి గురించి ఎవరికీ భయం లేదు.