పదిహేను కుర్చీల తరగతి

తాపీ నది పొంగి మగ్గాలు మునిగిన ఏడాదికి అది పదిహేనో ఏడు. జనం మూతులకు మాస్కులు కట్టుకోవడం మొదలుపెట్టి రెండో ఏడు. కోసాడ్ క్వార్టర్లలో ఉండే సోమలింగం ఆ పొద్దున ఒకటే అనుకున్నాడు: తొమ్మిదింటికల్లా తరగతిలో పదిహేను తలకాయలు కనబడాలి.

మగ్గం ఆగినప్పటినుంచి ఇంట్లో కూర్చుంటే కాళ్ల కింద నిప్పులు పోసినట్టుండేది. పని పోయినవాళ్ల కోసం ఒక ట్రస్టు డబ్బు పెట్టి, పార్సిల్ చిట్టీలు చదవడం, ఫోన్‌లో ఆర్డర్లు చూడడం నేర్పిస్తోంది. నేర్చుకుంటే రింగ్ రోడ్ గోదాముల్లో పని దొరుకుతుంది. ఇంటికి ఒక్క కుర్చీ చొప్పున మొత్తం పదిహేను. ఒక్కటి ఖాళీ అయినా తరగతి మూసేస్తారని ఎవరో అన్నారు. సోమలింగానికి గుజరాతీ అక్షరాలు ఇంకా పట్టుబడలేదు. తరగతి పోతే తన ఆశా పోయినట్టే.

మొదట లలితమ్మకు గోదాములో పని దొరికి మానేసింది. మగ్గం మీద మనిషి రాకపోతే అతని బదులు ఇంకొకరిని, బద్లీని, నిలబెడతారు తప్ప మగ్గం ఆపరు కదా! సోమలింగం అదే చేశాడు. ఎవరూ దొరక్క పెళ్లాం ఐలమ్మనే ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత బక్కయ్య పనికి పోయాడు, సంపత్ పోయాడు, సోమలింగం తప్ప ఒక్కొక్కరే అందరూ పోయారు. ప్రతి కుర్చీకీ బద్లీ వచ్చాడు. కొత్తగా వచ్చిన నవత టీచర్‌కు మాస్కుల పైన కళ్లే తప్ప మొహాలు తెలియవు.

ఇవాళ ట్రస్టు మేడమ్ హంసాబెన్ చూడటానికి వస్తోంది. సరిగ్గా ఇవాళే బక్కయ్య బద్లీకి జ్వరం. సోమలింగం గదులన్నీ తిరిగి, పక్కింటి తలుపు బాగుచేస్తున్న వడ్రంగి బ్రహ్మచారిని పట్టుకున్నాడు.

"అన్నా, జర మాస్క్ వెట్టుకొని గంట కూసో. పేరడిగితే బక్కయ్య అను."

"మరి నా రంపం?"

"కుర్సీ కింద వెట్టు!"

హంసాబెన్ హాజరు పట్టీ తిరగేసింది. ఆరు నెలలు, ఒక్క నాగా లేదు. సోమలింగం ఛాతీ ఉబ్బింది. ఆమె మొదటి వరుసలోని 'బక్కయ్య'ను ఏం నేర్చుకున్నావని అడిగింది.

బ్రహ్మచారి అటూ ఇటూ చూశాడు. "తలుపు కింది చెక్క చీకిపోయింది మేడమ్. మార్చాలె."

హంసాబెన్ పట్టీ మూసి హిందీలో ఏదో అంది. నవత కళ్లు చిన్నబోయాయి. "ఆర్నెల్లల్ల ఒక్కలకు గూడ పని దొరకలేదు, అందరు గిక్కడ్నే కూసున్నరు అంటున్నరు. గిసొంటి క్లాసుకు పైసలెందుకు, వచ్చే నెల నుంచి బంద్ అంటున్నరు."

సోమలింగం ఎగిరి లేచాడు. "దొరికింది మేడమ్! అందరికి దొరికింది! గీళ్లంత బద్లీలు! అరే, మాస్కులు దించుండ్రి!"

"దించొద్దు!" అని నవత కేక పెట్టింది.

"అయితే బక్కయ్యకు ఫోన్ కొట్టుండ్రి!"

కొట్టారు. బక్కయ్య గోదాములోంచే పలికాడు. లలితమ్మ, సంపత్ కూడా పలికారు. లెక్క చూస్తే పదిహేను మందిలో పద్నాలుగు మందికి పని. హంసాబెన్ కళ్లు నవ్వాయి. ఇంకో ఏడాదికి డబ్బు ఖాయమంది. బద్లీలు ఇకనుంచి సొంత పేర్లతోనే కూర్చోవచ్చంది. బ్రహ్మచారి రంపం తీసుకుని మెల్లగా జారుకున్నాడు.

వెళ్లబోతూ హంసాబెన్ తలా ఒక పార్సిల్ చిట్టీ ఇచ్చి చదవమంది. ఐలమ్మ ఆగకుండా చదివింది. సోమలింగం మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు. ఇంతలో బద్లీల సొంత పేర్లు, ఇళ్లు పట్టీలో రాస్తుంటే ఇద్దరిదీ ఒకే ఇల్లని తేలింది.

"ఇంటికి ఒక్కటే కుర్సీనట," అంది నవత ఇబ్బందిగా. "ఐలమ్మకు ఇయ్యమంటున్నరు."

"గదేంది! ఆమెను తెచ్చిందే నేను!"

"నువ్వు మందిని జమ జేసుట్ల ఉంటివి," అంది ఐలమ్మ పలక సర్దుకుంటూ. "నేను సదువుకుంటుంటి."

మర్నాడు పొద్దున సోమలింగం నాలుగు జొన్నరొట్టెలు కాల్చి, మాడని రెండూ ఐలమ్మ డబ్బాలో పెట్టాడు.