బుడన్‌బీ ట్యాంకరు, ఇర్షాద్ ఆటోకరెక్టు

ఆ సోమవారం నేను చేయవలసిన పనులు ఇవి: నాయన సైకిలుకు పంక్చరు వేయించడం. ధర్మవరం నుంచి వచ్చే చిన్నమ్మకు బస్టాండులో ఎదురుపోవడం. గ్యాసు బండకు పేరు రాయించడం. ఎదురింటి బుడన్‌బీ అవ్వ అర్జీ టైపు చేయించి నీళ్ల ఆఫీసులో ఇవ్వడం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే కనుక, సందులో ఎవరి కాగితమైనా నా నెత్తినే పడుతుంది. మొదటి మూడూ మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. నాలుగోది ఎండాకాలమంతా తినేసింది.

అయినా సరే, ఈ మాట చెప్పక మానను. కంప్యూటరులోని ఆటోకరెక్టు మనిషికి దేవుడిచ్చిన వరం!

మనం ఒకటి కొడితే అది ఇంకొకటి చేస్తుందని తిడతారు. చేస్తే ఏమి? మనం కొట్టిందే గొప్పగా ఉందని ఎవరు చెప్పారు? మా నాయన నోటికి ఒక ఆటోకరెక్టు ఉండుంటే, ఆయన "అడ్డగాడిదా" అన్నప్పుడల్లా "పట్టభద్రుడా" అని వినబడేది కదా! పెనుకొండ బస్సు కండక్టరుకు ఉంటే, "చిల్లర లేకపోతే దిగు" అనేది "కూర్చోండి సార్, నిదానంగా చూద్దాం" అయ్యేది. ఇక మొగుళ్లకు ఉంటేనా, కూరలో ఉప్పు ఎక్కువైన రోజున ఎన్ని కాపురాలు నిలబడేవి!

ఈ సత్యాన్ని మా హిందూపురంలో అందరికంటే ముందు కనిపెట్టినవాడు కంప్యూటర్ సెంటరు ఇర్షాద్. సంగతి 2003 నాటిది. చేతిరాత అర్జీలను ఆఫీసుల్లో ముట్టుకోవడం మానేశారు. ఊరంతా ఇర్షాద్ దగ్గరికే. పాపం, అతను టైపు చేసిన అర్జీలు కూడా వెనక్కి వచ్చేవి. నీళ్ల ఆఫీసు హెడ్‌క్లర్కు నారాయణస్వామికి కటువు మాట పడదు. (ఆ ఆఫీసు అసలు పేరు అడక్కండి. నాకింకా అక్కడ పనులున్నాయి.)

"ఇవేం మాటలప్పా? రాలేదు, ఇయ్యలేదు, కట్టలేము! సారు చూస్తే ఎంత నొచ్చుకుంటాడు? మర్యాదగా రాసుకోని రా పో" అని విసిరేసేవాడు.

ఇర్షాద్ తెలివైనవాడు. వర్డులో ఆటోకరెక్టు అని ఒక పెట్టె ఉంటుంది. ఎడమ గడిలో మన మాట, కుడి గడిలో దాని బదులు రావలసిన మాట. అంతే! "రాలేదు" అని కొడితే "కొంత తక్కువగా వచ్చుచున్నది" అని పడేలా పెట్టాడు. పన్ను "కట్టలేము" అంటే "త్వరలో కట్టబడును". పిల్లను బడికి "పంపలేము" అంటే "త్వరలో పంపబడును". ఆ రోజు నుంచి ఒక్క అర్జీ వెనక్కి రాలేదు. ఊళ్లో కష్టాలు అలాగే ఉన్నాయి, కాగితం మీద మాత్రం ఒక్క కష్టమూ మిగల్లేదు! ఇంతకంటే వరం ఏముంటుంది?

బుడన్‌బీ చింతపండు మండీలో గింజలు తీసే పని చేస్తుంది. ఆ వేసవిలో మా సందు కొళాయి ఎండిపోయింది. బొత్తిగా నీళ్లు రాని సందులకు ఆఫీసువాళ్లు ట్యాంకరు పంపాలని రూలు. పొద్దంతా మండీలో కూర్చుని వచ్చి, పక్క సందు కొళాయి దగ్గర ఆ ఇంటివాళ్లనీ ఈ ఇంటివాళ్లనీ బతిమాలి బిందె నింపుకోవడం అవ్వ వల్ల కావడం లేదు. అందుకే అర్జీ. మా సందుకు నీళ్లు రాలేదు, ట్యాంకరు పంపండి.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. నేనే చదివి వినిపించాను. మీ సందుకు నీళ్లు కొంత తక్కువగా వచ్చుచున్నట్లు మీరే రాసినందున ట్యాంకరు అవసరం లేదు.

అవ్వ బిందె చంకన పెట్టుకుని నన్ను లాక్కుంటూ ఇర్షాద్ సెంటరుకు నడిచింది.

"ఏమబ్బా ఇర్షాదూ, యాడ వస్తాండాయి నీళ్లు? కొళాయి తిప్పితే గాలి కూస్తాండాది!"

"మర్యాద కోసం కంప్యూటరే మారుస్తాది అవ్వా."

"నీ డబ్బా మా సందుకొచ్చి సూసిందా? ఉండేది ఉన్నట్టు కొట్టు. మర్యాద నేను పోయి ఆడ నోటితో సెప్పుకుంటాలే."

ఇర్షాద్ గొణుక్కుంటూ ఆ ఒక్క మాటను మాత్రం పెట్టెలోంచి తీసేసి, "రాలేదు" అనే కొట్టిచ్చాడు. నారాయణస్వామి దాన్ని చూసి మొహం చిట్లించాడు గానీ, అవ్వ గుమ్మంలోనే బిందె బోర్లించి కూర్చోవడంతో తీసుకోక తప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఆ ఆఫీసుకూ కొత్త కంప్యూటరు వచ్చింది. మర్యాదకు ముచ్చటపడిన నారాయణస్వామి, ఇర్షాద్‌ను పిలిచి, మిగిలిన మర్యాదలన్నీ అందులోనూ పెట్టించుకున్నాడు.

ఉన్నది ఒక్క ట్యాంకరు. అది ఆఫీసర్ల క్వార్టర్ల వైపు తప్ప తిరిగేది కాదు. కనుక అవ్వకు జవాబుగా "మీ సందుకు ట్యాంకరు పంపలేము" అని నారాయణస్వామి రెండు వేళ్లతో, కీబోర్డు మీదే కళ్లు పెట్టి కొట్టాడు. కంప్యూటరు తన ధర్మం తాను చేసింది. సారు సంతకం పెట్టాడు. చదివి పెట్టాలంటే సంతకాలు ఎప్పటికి తెములుతాయి? సీలు కూడా పడింది.

"మీ సందుకు ట్యాంకరు త్వరలో పంపబడును."

అవ్వ ఆ కాగితాన్ని నేరుగా ట్యాంకరు డ్రైవరు తిమ్మరాజు చేతిలో పెట్టింది. తాడిమర్రి నుంచి కొత్తగా వచ్చినవాడు, సీలు అంటే భయం. మరునాడు పొద్దున్నే ట్యాంకరు మా సందులో ఉంది!

నారాయణస్వామి స్కూటరు మీద ఉరుకుతూ వచ్చాడు.

"ఏమప్పా తిమ్మరాజూ, ఎవరు పంపినారు నిన్ను?"

"మీరే గద సార్. సీలు మీది, సంతకం సారుది."

"పంపలేము అని రాస్తి గదప్పా నేను!"

"యాడ రాసినారు? సూపీండి."

బుడన్‌బీ బిందె పైపు కింద పెడుతూ, తల ఎత్తకుండానే అంది: "పోనీ, సదవకుండా సంతకం పెట్టినామని ఇంగో కాగితం రాసియ్యి నాయనా. ట్యాంకరు మళ్లిస్తాము."

నారాయణస్వామి స్కూటరు మళ్లించాడు. ఆ కాగితం రాసేవాడు ఈ రోజుకీ ఏ ఆఫీసులోనూ పుట్టలేదు. వానలు పడేదాకా ట్యాంకరు మా సందుకు వస్తూనే ఉంది.

ఇప్పుడు చెప్పండి, ఆటోకరెక్టు వరమా, కాదా?

మరుసటి ఏడు చదువుకున్న కొత్త ఆఫీసరు వచ్చాడు. మెనూ తెరిచి, ఒక్క టిక్కు తీసేసి, ఆటోకరెక్టును ఆపేశాడు. ఆ వేసవిలో మా అర్జీకి వచ్చిన జవాబు చూడాలి! "మీ సందుకు ట్యాంకరు పంపలేము." కొట్టింది కొట్టినట్టే పడింది. ఈసారి సారు చదివి మరీ సంతకం పెట్టాడట. ఎంత స్పష్టత! నీళ్లు ఒక్కటే లేవు.

కంప్యూటరును సరిచేయడానికి ఒక్క టిక్కు చాలింది. మిగిలినదాన్ని సరిచేసే మెనూ యాడుందో ఇర్షాద్‌కూ తెలియదు, నా డిగ్రీకీ తెలియదు.

బుడన్‌బీ మళ్లీ పక్క సందులో బిందెతో నిలబడుతోంది. మీరు టైపు చేస్తూ ఉండగా మీ మాటను కంప్యూటరు మార్చేస్తే, దాన్ని తిట్టబోయే ముందు ఆమెను ఒక్కసారి తలుచుకోండి. మీ ఊళ్లో ట్యాంకరు మీ చేతిలో ఉంటే, మరికాస్త గట్టిగా తలుచుకోండి.