మార్షల్ గేటు ముందు మెయిన్ జెట్

కార్బురేటర్ సరిచెయ్యడానికి నేవియోకి చెవి చాలు. ఇంజన్ ఒక్కసారి గట్టిగా అరిస్తే చాలు, పెట్రోలు ఎక్కువైందో గాలి ఎక్కువైందో, లోపల ఏ నంబరు జెట్ ఉందో, ఆ పెట్రోలు పోసినవాడి ఇంటిపేరేమిటో కూడా చెప్పగలడు. ఈ సంగతి సేనియో ఏటికి రెండు గట్ల మీదా అందరికీ తెలుసు. ఎందుకంటే అందరికీ నేవియోనే చెప్పాడు.

ఆదివారం పొద్దున పొగమంచులోకి తన వెస్పా స్కూటర్ని తోస్తూ, నానమ్మ ఫోస్కాకి ఇంకోసారి చెప్పాడు.

"ఒక్క రౌండు నానమ్మా. వింటాను, జెట్ మారుస్తాను, వచ్చేస్తాను. నువ్వు కాఫీ దించేలోపు ఇంట్లో ఉంటా."

"నా చెవిపోగుల పెట్టె ఎక్కడికి పట్టుకుపోతున్నావురా?"

"జెట్లు వేసుకున్నా. లోపల మఖమల్ ఉంది కదా, దొర్లవు."

జెట్ అంటే బఠాణీ గింజంత ఇత్తడి మర. మధ్యలో సన్నని బెజ్జం. ఇంజన్‌కి పెట్రోలు అందేది అందులోంచే. నంబరు పెరిగితే బెజ్జం పెద్దది, బండి పొగ కక్కుతూ దగ్గుతుంది. నంబరు మరీ తగ్గితే బండి గాల్లో తేలినట్టు పరిగెడుతుంది, పరిగెడుతూ పరిగెడుతూ ఇంజన్ లోపల బిగుసుకుపోతుంది. సరైన నంబరు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంటుంది.

నేవియో బండి కాగితాల్లో యాభై సీసీ. లోపల నూట ముప్ఫై. మూడు చలికాలాలు టైల్స్ గోదాములో నడుం విరగ్గొట్టుకుని, ఒక్కో ముక్కా కొని బిగించుకున్నాడు. ఇలాంటి బళ్ళని పట్టుకోవడానికే మునిసిపల్ పోలీసు మార్షల్ సెకొందో భూమ్మీద పుట్టాడు. ఆయన పట్టుకుని తుక్కు చేయించిన బళ్ళ ఇనుముతో సముద్రం మీద వంతెన కట్టొచ్చని ఊళ్ళో అంచనా. ఆయన కంట పడితే వెస్పా కూడా ఆ వంతెనలో ఒక మేకు అవుతుంది.

చిక్కేమిటంటే ఆ ఊరికి ఉన్న తిన్నని రోడ్డు ఒక్కటే. అది వంతెన దగ్గర మొదలై మార్షల్ ఇంటి గేటు ముందు అయిపోతుంది. ఆదివారం పొద్దున మార్షల్ సంతలో ఉంటాడు కదా అన్న ధైర్యంతో నేవియో ఫుల్లుగా రేజు చేశాడు.

హెల్మెట్లో గాలి హోరు. చెవికి ఏమీ వినపడలేదు. ఇంజన్ ఉందో లేదో కూడా తెలియలేదు. దాంతో చెవి లేని మామూలు మనుషులు చేసే పనే చేయాల్సి వచ్చింది. పూర్తి వేగంలో ఇంజన్ కట్టేసి, క్లచ్ పట్టి, బండి దానంతటది ఆగేదాకా ఊరుకుని, ప్లగ్ విప్పి రంగు చూడటం. ఇటుక రంగు ఉంటే జెట్ సరిపోయినట్టు, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు. బండి చప్పుడు లేకుండా దొర్లుతూ వెళ్ళి మార్షల్ గేటు ముందే ఆగింది. నేవియో మోకాలి మీద కూర్చుని ప్లగ్ విప్పాడు. బొగ్గుగనిలోంచి తీసినట్టుంది.

పెట్టె తెరిచి ఒక నంబరు తక్కువ జెట్ తీశాడు. బెజ్జంలో నలక ఉందేమోనని ఒక కన్ను మూసి వెలుతురుకి ఎత్తి చూశాడు. మంచులోంచి వెలుతురు వస్తున్నది మార్షల్ ఇంటి మేడ మీంచి. కాబట్టి అటే ఎత్తి చూశాడు. బిగించి, వంతెన దాకా వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. అదే గేటు, అదే మోకాలు, అదే నలుపు. ఇంకో నంబరు తగ్గించాడు. వెళ్ళాడు, వచ్చాడు, మోకరిల్లాడు. ఈలోగా మంచు విడిపోయి ఎండ వచ్చింది. ప్లగ్ మాత్రం పంతం వదల్లేదు.

"లే నాయనా, మోకాళ్ళు పట్టేస్తాయి."

నేవియో తలెత్తి చూశాడు. మార్షల్ భార్య ఓరియేలే గేటు తీసుకుని నిలబడి ఉంది. చేతులనిండా పిండి, కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మగారూ, ఇది మీరనుకునేది కాదండీ."

"నాకంతా తెలుసు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. రావడం, మోకాలి మీద కూర్చోవడం, పెట్టె తెరవడం, ఉంగరం తీసి మా అమ్మాయి ఇవోన్నె కిటికీ వైపు ఎత్తి చూపించడం. ధైర్యం చాలక మళ్ళీ వెళ్ళిపోవడం. పిచ్చివాడా, అది గదిలో లేదు. చర్చికెళ్ళింది."

ఇవోన్నెతో నేవియోకి ఉన్న పరిచయమల్లా, ఆమె పనిచేసే మందుల షాపులో నానమ్మకి దగ్గు మందు కొన్నప్పుడు ఆమె అన్న ఒకే ఒక మాట. బాగా కుదిపి తాగించండి, అంది.

అసలు సంగతి చెప్పేద్దామనుకునేలోపు వెనకనుంచి ఉల్లికాడల వాసన వచ్చింది. సంత సంచితో మార్షల్ సెకొందో.

"ఎవరిదీ బండి? సీటెందుకు ఎత్తి ఉంది?" అంటూ ఆయన ఇంజన్ వైపు వంగాడు. ఇంకో జానెడు వంగితే సిలిండర్ కనిపిస్తుంది.

"ఇవోన్నె కోసం వచ్చానండీ," అన్నాడు నేవియో.

మార్షల్ నిటారుగా లేచాడు. ఆయన సర్వీసులో వేసిన ప్రశ్నకి ఇంత వేగంగా జవాబు చెప్పినవాడు లేడు.

"నేనడిగింది బండి సంగతి."

"బండిదేముందండీ, మామూలు యాభై. పెళ్ళి చేసుకుందామని."

"బండినా?"

"మీ అమ్మాయిని."

సంచిలోంచి ఉల్లికాడలు జారి రోడ్డు మీద పడ్డాయి. ఓరియేలే భర్త చెయ్యి పట్టుకుని, "చూస్తావేంటి, అబ్బాయిని లోపలికి తీసుకురా. నాయనా, ఇంక అమ్మగారూ కాదు, అత్తయ్యా అనొచ్చులే," అంది. నేవియో సీటు కిందికి దించి, దాని మీద తన కోటు కప్పి, ఉరికంబానికి నడిచినట్టు లోపలికి నడిచాడు.

ఆ తర్వాత ఎవరినీ ఎవరూ ఆపలేకపోయారు. ఓరియేలే ఫోను ఎత్తింది. ఆ ఫోను దించేలోపు ఇవోన్నె మేనత్తలు ఆరుగురూ అప్రాన్లతో సహా దిగారు. బల్ల మీద పిండి పరిచి, జున్ను కూరిన చిట్టి టోపీల్లాంటి కప్పెల్లెత్తి పాస్తా చుట్టడం మొదలెట్టారు. ఎముకల పులుసు పొయ్యి ఎక్కింది. ఎదురింటాయన ఎవరూ అడక్కుండానే అకార్డియన్ పట్టుకొచ్చాడు. ఎవరో కారు వేసుకుని వెళ్ళి నానమ్మ ఫోస్కాని చావులకీ పెళ్ళిళ్ళకీ వేసుకునే నల్లగౌనులో దించారు.

నేవియో ఆమె చెవిలో గొణిగాడు. "నానమ్మా, చెప్పు వీళ్ళకి. ఆ పెట్టెలో ఉన్నవి జెట్లని చెప్పు."

ఫోస్కా అందరివైపూ తిరిగింది. "పొద్దున నాతోనూ ఇదే అబద్ధం. జెట్లట. వీడికి సిగ్గెక్కువ."

మేనత్తలు ముచ్చటపడి వంతులవారీగా అతని బుగ్గ గిల్లారు. చెయ్యి పడని చోటు లేకుండా మొహమంతా పిండి.

గదిలో కలకలం సర్దుకునేలోపు ఇవోన్నె వచ్చింది. గుమ్మంలో ఆగి అకార్డియన్ చూసింది, మేనత్తల్ని చూసింది, పిండి మొహం చూసింది.

"నేను చర్చికెళ్ళొచ్చేలోపు నాకు పెళ్ళి కుదిర్చేశారా? ఎవరితో?"

అందరూ వేలు చూపించారు.

"దగ్గు మందు," అంది ఇవోన్నె. తర్వాత చెయ్యి చాపింది. "ఏదీ, ఉంగరం. ఇంతమంది చూశారంట కదా, నేనూ చూస్తా."

నేవియో పెట్టె గట్టిగా పట్టుకున్నాడు. ఫోస్కా లాగి ఆమె చేతికిచ్చింది. మూత తెరుచుకుంది. ఎర్ర మఖమల్ మీద వరసగా ఇత్తడి జెట్లు మెరుస్తున్నాయి. అకార్డియన్ సగం రాగంలో చచ్చిపోయింది.

మార్షల్ కళ్ళజోడు పెట్టుకుని ఒకటి తీశాడు. దాని మీద చెక్కిన నంబరు గట్టిగా చదివాడు. "నూట ఎనిమిది." ఇంకోటి తీశాడు. "నూట అయిదు. యాభై సీసీకి ఇందులో సగం చాలు కదా, నాయనా?"

నేవియో కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "బండి నూట ముప్ఫై సీసీ అండీ. మూడు చలికాలాలుగా నూట ముప్ఫయ్యే. నేను మోకాలి మీద కూర్చుంది ప్లగ్ చూడ్డానికి. పెళ్ళి మాట అన్నది మీరు ఇంజన్ చూడకుండా ఉండాలని. చెవితో వింటానని చెప్పేవాణ్ణి కదా, అది కూడా అబద్ధమే. నాకేమీ వినపడదు."

ఒక మేనత్త చేతిలోంచి కప్పెల్లెత్తి నేల మీద పడింది. మార్షల్ అరచెయ్యి చాపాడు. "తాళం."

నేవియో తాళం ఇచ్చేశాడు. తన చెయ్యే కోసి ఇచ్చేసినట్టు అనిపించింది. ఆ ఇంట్లో అప్పుడు ఈ సంగతి పట్టనిది ఇవోన్నె ఒక్కతే. ఆమె పెట్టెలో వేలు పెట్టి వరసలో ఏ నంబరు లేదో వెతుకుతోంది.

"ఇప్పుడు బండిలో నూట రెండుందా?"

"ఉంది," అన్నాడు నేవియో.

"ఇంకా నల్లగానే వస్తోందా?"

"తారులా."

"పొగమంచులో మొదలెట్టి ఉంటావు. నువ్వు ఒకటి తగ్గించేలోపు ఎండ ఇంకాస్త ఎక్కుతుంది. వేడిగాలికి అంత పెట్రోలు అక్కర్లేదు. ఎండ తర్వాత నా దాన్లో తొంభై ఎనిమిదే పెడతా."

అని ఠక్కున నోరు మూసుకుంది.

మార్షల్ చాలా నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. "నీ దాన్లో అంటే?"

"అదే నాన్నా, మామూలుగా, ఎవరి దాన్లోనైనా."

"చర్చి రెండు వీధుల అవతల. రోజూ బండి మీద ఎందుకెళ్తావు?"

ఇంటిల్లిపాదీ మార్షల్ వెంట షెడ్డుకి నడిచింది. లోపల కూతురికి ఇరవై ఏళ్ళు నిండిన రోజున ఆయన స్వయంగా కొనిచ్చిన మీగడరంగు స్కూటరుంది. ఆయన కిక్ కొట్టాడు. షెడ్డు అద్దాలు చిట్లాయి. పక్కింటి కోళ్ళు ఎగిరి గోడ దాటాయి. వాటిలో కొన్ని ఆ జిల్లాలోనే మళ్ళీ కనిపించలేదు.

మార్షల్ కిక్ మీంచి కాలు తియ్యడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. "నా షెడ్డులో," అన్నాడు. "నా గోడకి ఆనించి. నేను రోజూ తాళం వేసే షెడ్డులో."

"నూట ముప్ఫై అయిదు నాన్నా," అంది ఇవోన్నె తలొంచుకుని. "రెండేళ్ళయింది. కాస్త పొగ వస్తోందని నువ్వే ఒకసారి ఆయిల్ మార్చావు."

నేవియో ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. నూట ముప్ఫై అయిదు అన్న మాట అతని చెవికి స్పష్టంగా వినపడింది.

మార్షల్ జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు. ధర్మం ధర్మమే కాబట్టి రెండు బళ్ళూ జప్తు చేశాడు. పెళ్ళి ఆపడం దేనికి, రసీదులు రెండూ ఒకే ఇంటి అడ్రసుకి రాసేస్తే పోతుంది కదా, ఎలాగూ కప్పెల్లెత్తి ఉడికిపోయాయి అని ఓరియేలే గుర్తుచేసింది.