పొమ్మన్న దీవుల జాబితా

పాపం కడుక్కోవడానికి సముద్రస్నానం కంటే, మేకపోతు బలి కంటే సులువైన మార్గం ఒకటుంది. మంచి గాయకుణ్ణి పిలిపించి దేవుడి మీద స్తోత్రం పాడించుకోవడం. మీరు చేయని మంచి పనులన్నీ అందులో చేసేయవచ్చు. ఒళ్లు అలవదు. లేచి తలుపు తీయనక్కర్లేదు.

ఈ మధ్య కొందరు విసుక్కుంటున్నారు. స్తోత్రాలు మరీ పొడుగైపోయాయట. ఊరికో మార్పు, వీధికో చేర్పు అట. అసలు పాతపాట ఏదో దేవుడికి కూడా తెలియడం లేదట. తెలియకపోతే ఆయనకొచ్చిన నష్టమేమిటి? మా దీవిలో జరిగింది వినండి, మీకే తెలుస్తుంది.

దీవి పేరు మాత్రం అడగకండి. మాకు ఎదురుగా, కేకేస్తే వినిపించేంత దూరంలో ఉన్న దీవి పేరు కూడా అడగకండి. చెబితే రెండు చోట్లా నాకు నీళ్లు పుట్టవు.

ఏటా వసంతంలో మాకు అపొల్లో పండుగ, మూడు రోజులు. మొదట దేవుడి పుట్టుక మీద స్తోత్రం, ఆ తర్వాత యుద్ధగాథ. యుద్ధగాథ మీద మాకెవరికీ పేచీ లేదు, అందులో చచ్చేవాళ్లు మావాళ్లు కారు. పేచీ అంతా స్తోత్రంతోనే. అపొల్లో తల్లి లీటో నిండు గర్భిణి. కారణం దేవతల రాజు జ్యూస్. ఆయనగారి సంగతి మీకు తెలియంది కాదు. పని చేసేది ఆయన, ఊళ్లు పట్టుకు తిరిగేది ఆడవాళ్లు. ఆయన భార్య హేరా కోపానికి జడిసి ఏ దీవీ లీటోకి చోటివ్వలేదు. అలా పొమ్మన్న దీవుల పేర్లన్నీ పాటలో వరసగా వస్తాయి. మూడో పేరు మాది.

నా చిన్నప్పుడు ఆ పేరు వినిపించగానే జనం చప్పట్లు కొట్టేవారు. పాటలో ఊరి పేరొస్తే చాలనుకునే అమాయకులు. నేను ఉత్సవ కమిటీలోకి వచ్చాకనే అందులోని అవమానం అందరికీ అర్థమయ్యేలా చెప్పాను.

ఆ ఏడు ఎర్గోటెలిస్‌ని పిలిపించాం. అరవై దాటిన మనిషి. భుజాన లైరు అనే తీగల వాద్యం, గొంతులో కంచు. పడవ దిగుతూ కూతురు మిర్రినే చెయ్యి పట్టుకుని దింపాడు. ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. మొగుడు ఓడ మీద వెళ్లాడు, తల్లి లేదు, ఒంటరిగా వదలలేక వెంట తెచ్చుకున్నాడట. ఆమె రేవులో చేపల గంప బోర్లించుకుని కూర్చుంది. మేం అక్కడే, ఆ నీడలోనే పని మొదలుపెట్టాం.

"పెద్దాయనా, ఆ మూడో పేరు తీసేయాలి" అన్నాడు మా కమిటీ పెద్ద ఫీడన్.

"తీసేస్తే నడక కుంటుపడుతుంది బాబూ. ఆ చోట ఇంకేదో పేరు పడాలి."

"ఎదుటి దీవి పేరు వేసేయండి" అన్నాను నేను. "కొలత కూడా సరిపోతుంది."

ఎర్గోటెలిస్ వేళ్ల మీద తాళం వేసుకుని చూశాడు. సరిపోయింది. దేవుడి దయ ఎలా ఉంటుందో చూడండి.

అంతటితో ఆగితే మేం మామూలు మనుషులమే. ఫీడన్ గడ్డం నిమురుకుని, "ఇంతకీ ఆ లీటో ఎక్కడ కన్నట్టు?" అన్నాడు.

"ఒక్కో ఊళ్లో ఒక్కో రకంగా పాడతాం" అన్నాడు ఎర్గోటెలిస్.

"ఎక్కడో ఒకచోట కనాలిగా. ఇక్కడే కననివ్వండి. అందరూ పొమ్మంటే మన దీవి రమ్మందని పాడండి."

అప్పుడు గంప మీంచి మిర్రినే అంది. "నాన్నా, నాకూ ఎక్కడో ఒకచోట కనాలనిపిస్తోంది."

చూస్తే ఆ పిల్ల ముఖమంతా చెమట. ఎర్గోటెలిస్ లైరు కింద పెట్టి లేచాడు. "ఇంకా నెల ఉందనుకున్నాను. ఎవరైనా ఒక గది ఇప్పించండి" అన్నాడు.

ఇక్కడ మా ఇబ్బంది మీరు అర్థం చేసుకోవాలి. పురుడు వచ్చిన ఇల్లు మైల. ఆ ఇంటివాళ్లు పది రోజులు గుడి మెట్టెక్కరాదు. పండుగ తెల్లారితే మొదలు.

"లీటోని రమ్మన్నామని ఇప్పుడేగా అన్నారు?" అన్నాడాయన.

"ఆవిడ దేవత. పైగా ఎప్పుడో వచ్చి వెళ్లిపోయింది" అన్నాడు ఫీడన్. నిజమే కదా?

తండ్రీ కూతుళ్లు గుమ్మం గుమ్మం ఎక్కారు. ఫీడన్ ఊరేగింపు నడిపించాలి, కాబట్టి వాళ్లింట్లో కుదరదు. రెండో గుమ్మం మాది. మా ఆవిడ తలుపు తీసి ఆ పిల్లని చూసి పక్కకు జరగబోయింది. నేను తలుపు రెక్క అడ్డంగా పట్టుకున్నాను. "మా అమ్మాయి రేపు దేవుడి బుట్ట మోయాలి, ఏమనుకోకండి" అన్నాను. చాలా మర్యాదగానే అన్నాను. రొట్టెల దుకాణం వాళ్లు చోటు లేదన్నారు. ఆ పక్కింటివాళ్లు ఆ పక్కింటికి వెళ్లమన్నారు. అందరూ చెంబుడు నీళ్లిచ్చారు. అంజూరాలు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అతిథి మర్యాదలో మా దీవికి పేరుంది.

చివరికి ఫానో ఇల్లు. ఆమె మొగుడు చచ్చిపోయి నాలుగు రోజులు. జుట్టు కత్తిరించుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

"మాది చావు వచ్చిన ఇల్లమ్మా" అంది.

"తెలియక వచ్చాం" అని మిర్రినే గోడ పట్టుకుని వెనక్కి తిరగబోయింది.

"ఎక్కడికే? ఉన్న మైల మీద ఇంకో మైల పడితే తేడా తెలుస్తుందా? రా తల్లీ, కాళ్లు చాపుకో. దేవుళ్లకు కోపమొస్తే నా మీదకే కదా వచ్చేది, నా దగ్గర పట్టుకుపోవడానికి ఇంకేం మిగిలింది?"

ఎర్గోటెలిస్‌ని మాత్రం గుమ్మం దాటనివ్వలేదు. లోపలికొస్తే రేపు గుడిలో పాడలేవు పొమ్మంది. ఆయన వీధిలో రాయి మీద కూర్చున్నాడు. పొద్దు వాలకముందే లోపలి నుంచి పసిపిల్ల ఏడుపు వినిపించింది. ఆయన తల దించుకుని తానూ ఏడ్చాడట.

మర్నాడు ఆయన పాడాడు. ఒప్పుకున్న మాట అక్షరం తప్పలేదు. మూడో పేరు ఎదుటి దీవిది. అలసిపోయి వచ్చిన లీటోని చూసి మా దీవి గొంతు విప్పి, "రా తల్లీ, కాళ్లు చాపుకో" అంది. "కోపమొస్తే నా మీదకే కదా వచ్చేది" అంది. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఫీడన్ పై బట్ట తడిసిపోయింది. నేనూ ఏడ్చాను. మేమింత మంచివాళ్లమని అంతవరకూ మాకే తెలియదు.

ఆ పాట విననిది ఊళ్లో ఒక్క ఫానోయే. మైల కదా, రాకూడదు.

పాట అయ్యాక ఎర్గోటెలిస్ మా విందుకు రాలేదు. తిన్నగా వెళ్లి ఫానో ఇంట్లో మనవరాల్ని ఎత్తుకుని బార్లీ గంజి తాగాడట. కళాకారులకు కొంచెం తిక్క ఉంటుంది, మేం పట్టించుకోలేదు.

మరుసటి ఏడు పూజారి ఒక సంగతి గుర్తుచేశాడు. దేవుడు పుట్టిన నేల అంటే గుడి ఒక్కటే కాదు, దీవి మొత్తం పవిత్రమే. అలాంటి చోట మనుషుల పురుళ్లేమిటి? ఇకమీదట ఈ దీవిలో ఎవరూ ప్రసవించరాదని తీర్మానం చేశాం. ప్రవేశపెట్టింది నేనే. రాతి పలక మీద చెక్కించాం. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి.

ఈ మధ్యే మా పెద్దకోడలికి నొప్పులు మొదలయ్యాయి. చట్టం చట్టమే కాబట్టి నేనూ మా ఆవిడా ఆమెను పడవ ఎక్కించి ఎదుటి దీవికి తీసుకెళ్లాం. రేవులో ఒక ముసలాయన కర్రతో పడవను ఆపాడు.

"మీ పాట మేమూ విన్నాం బాబూ. అందులో మేం పొమ్మన్నాం కదా" అన్నాడు.

"అది పాట. ఇది మా కోడలు" అన్నాను.

"దేవుడి పాటను అబద్ధం చేయమంటారా?" అని చాలా మర్యాదగా పడవను వెనక్కి నెట్టాడు. చెంబుడు నీళ్లు కూడా ఇచ్చాడు.

రెండు దీవులకీ మధ్య, తడి వలల మీద, మా మనవడు పుట్టాడు. తల్లీ బిడ్డా క్షేమం. రెండు దీవులకూ మైల అంటలేదు. దిగగానే ఫీడన్ నన్ను కౌగిలించుకుని అభినందించాడు.

మా ఆవిడ మాత్రం మూడు రోజులు కోడలి మంచం పక్కనే పడుకుంది. నాలుగో రోజు రొట్టె ముందుకు తోసి ఒక్క మాట అంది. "ఇంట్లోనే పుట్టాడని పాటలో పెట్టించుకోండి."

ఆలోచన బాగుంది. ఎర్గోటెలిస్‌కి కబురు పంపించాను.