మ్యూజిక్కూ, విల్సన్ అయ్యవారి మూడూ

పుంగనూరులో విల్సన్ అయ్యవారి కోపం గురించి తెలియనివాళ్ళు రెండే రకాలు. చెవిటివాళ్ళు, ఆ పూటే బస్సు దిగినవాళ్ళు.

బళ్ళో పిల్లవాడు పలక మీద ‘అ’ వంకరగా రాస్తే కోపం. ఇంట్లో కాఫీలో చక్కెర తగ్గితే కోపం. యుద్ధం రోజులు, చక్కెరే దొరకడం లేదని చెబితే జర్మనీ మీద కోపం. జర్మనీ చేతికందేది కాదు గనక ఆ కోపం కాస్తా భార్య జయశీల మీదికి మళ్ళేది. బడిపిల్లలు అతనికి సీమటపాకాయ అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడగానే అతను పేలిన తీరు చూసి, పెద్దవాళ్ళు కూడా దాన్నే ఖాయం చేశారు.

అన్నిటికన్నా పెద్ద కోపం పాట మీద. జయశీల మిషన్ హాస్టల్లో పెరిగిన పిల్ల. చర్చిలో అంతమంది కలిసి పాడుతున్నా ఆమె గొంతు ఏదో ఇట్టే తెలిసిపోయేదట. కాపురానికొచ్చిన కొత్తలో అంట్లు తోముతూ ఒక రాగం తీసింది.

“గమ్మునుండవే! లెక్కలు దిద్దుతాండా!” అని లోపల్నించి కేక.

బియ్యం ఏరుతూ తీసింది.

“గమ్మునుండు! పేపరు సదువుతాండా!”

ఏ పనీ లేని వేళ చూసి తీసింది.

“గమ్మునుండు! నేను గమ్ముగా కూసోనుండాను గదా, నువ్వు కూసోలేవా?”

అంతటితో ఆ ఇంట్లో పాట ఆగిపోయింది. అరుపు మాత్రం నిరాటంకంగా సాగుతూ వచ్చింది.

అలాంటి ఇంటికి ఒక ఆదివారం జయశీల అన్న సత్యవేదం వచ్చాడు. కుప్పం స్టేషన్లో టికెట్ కలెక్టరు. రైలు దిగిన ప్రతి పాదిరి దగ్గరా టికెట్టుతో పాటు ఒక కబురు కూడా వసూలు చేసుకునే మనిషి.

“బావా, మదనపల్లెలో ఒక మిషన్ బడి ఇంగ్లీషు అయ్యవారు పటాలంలో సేరిపోయినాడంట. పోస్టు కాళీగా ఉండాది. రాసే పరీచ్చ లేదు. ఆ బడి నడిపే దొరసాని ఇంగ్లీషులో అడుగుతాది, నువ్వు ఇంగ్లీషులో సెప్పల్ల. అంతే!”

“ఏం అడుగుతాది?”

“అదే గదా నేను తెచ్చింది! ఎవురు పొయినా ఒకటే అడుగుతాదంట. మ్యూజిక్ అండ్ మూడ్. పాట వింటే నీ మనసు ఎట్లుంటాది, అని.”

పక్కింటి కదిరప్ప గోడ మీంచి తల పెట్టాడు. “మ్యూజిక్కు ఒకటి, ఇంకా మూడు. అంటే మొత్తం నాలుగు ప్రశ్నలా అయ్యవారూ?”

“మూడు కాదప్పా, మూడ్! మూడ్!” అని విల్సన్ గుడ్లురిమాడు.

“అట్ల అరిస్తే అర్థమయిపాయ. మూడిందని గదా!” అంటూ కదిరప్ప తల దించుకున్నాడు.

ఆ దొరసాని పేరు మిస్ థాంప్సన్. ఊళ్ళోవాళ్ళ నోట్లో పడి తంపులమ్మ అయింది. పాపం, ఆమె ఎన్నడూ ఎవరి కాపురంలోనూ తంపులు పెట్టి ఎరగదు. ఈ పరీక్ష దాకా.

విల్సన్ పథకం సులువైనది. సంగీతం తెలియకపోతేనేం, ఇంగ్లీషు తెలుసు కదా! ఒక ఉపన్యాసం తయారు చేసుకుని, పెరట్లో తిరుగుతూ కంఠస్థం మొదలెట్టాడు. ఇంగ్లీషులో అది ఘనంగా మోగింది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

“అమ్మా, నేను స్వభావరీత్యా శాంతమూర్తిని.”

వంటింట్లో ఏదో గిన్నె జారిపడింది.

“ఎప్పుడైనా కోపం వస్తే హార్మోనియం ముందు కూర్చుంటాను. నా వేళ్ళు మెట్ల మీద తిరగ్గానే కోపం పిట్టలా ఎగిరిపోతుంది. నా భార్యకు మాత్రం సంగీతం తెలియదు. పాపం, ఆమెకు గొంతు లేదు. నేనే ఓపిగ్గా నేర్పుతున్నాను.”

ఈసారి గిన్నె పడలేదు. చేతిలో గరిటెతో జయశీలే పెరటి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

“ఎవురికి గొంతు లేదు?”

“అది ఇంగ్లీషే. నీకు తెలీదు.”

“హాస్టల్లో ఎనిమిదో తరగతి దాకా నాకు నేర్పింది ఏమనుకుంటాండారు, పిడకలు కొట్టేదా? షీ హాజ్ నో వాయిస్ అంటే తెలీకపోయేదానికి?”

“మాట వరసకు పెట్టినా లేవే. దొరసానికి జాలి పుట్టల్ల గదా!”

“జాలి పుట్టేదానికి నా గొంతే దొరికిందా? మీ గొంతు లేదని సెప్పుకోండి!”

“నా గొంతు లేకపోతే పరీచ్చలో మాట్లాడేది యాడనుంచి?”

జయశీల ఆ పైన ఒక్క మాట అనలేదు. లోపలికి పోయింది. అన్నం పెట్టింది. మజ్జిగ పోసింది. మాట లేదు. తాను గెలిచానని విల్సన్ మీసం దువ్వుకున్నాడు. కోపమంటే అతని లెక్కలో చప్పుడు. చప్పుడు చేయని కోపాన్ని అతను అంతవరకు చూసి ఉండలేదు.

ఒక్కసారైనా హార్మోనియం తాకకుండా పరీక్షకు పోవడం మంచిది కాదనిపించి, బజారులో ఖాజా మొహిద్దీన్ దగ్గరికి వెళ్ళాడు. నాటకాలవాళ్ళకు వాద్యాలు అద్దెకిచ్చే పెద్దమనిషి.

“మెల్లగా కొట్టండి అయ్యవారూ. నాజూకు పెట్టె. గుస్సా చేస్తే ఖరాబ్ అయిపోతాది,” అని మరీ చెప్పి ఇచ్చాడు.

ఆ సాయంత్రం విల్సన్ ఎడమచేత్తో తిత్తి ఊపి, కుడిచేతి వేళ్ళన్నీ ఒక్కసారే మెట్ల మీద మోపాడు. ఇంటి చూరులో కాపురముంటున్న పిచ్చుకలు ఆ క్షణమే ఖాళీ చేశాయి.

కదిరప్ప పరుగెత్తుకొచ్చాడు. “అయ్యవారూ, ఎనుము యాడ?”

“ఎనుము ఏందప్పా?”

“ఈడ ఏదో ఎనుము ఈనలేక అరుస్తాంటే, సాయం పడదామని వస్తి!”

మర్నాడు పొద్దున్నే మళ్ళీ గోడ మీద తల. “మా పొట్టావు పాలియ్యకుండా కాలెత్తి తంతాండాది. మీ మ్యూజిక్కుకి దాని మూడ్ సెడిపాయ అయ్యవారూ!”

విల్సన్‌కు సుర్రుమంది. కదిరప్పను కొట్టలేక పెట్టెను కొట్టాడు. లోపల ఏదో విరిగి ఒక మెట్టు దిగబడిపోయింది. ఆ తర్వాత ఎక్కడ నొక్కినా కుంయ్యిమని ఒకటే కూత. ఖాజా మొహిద్దీన్ వచ్చి, పెట్టెను చంటిబిడ్డలా చేతుల్లోకి ఎత్తుకున్నాడు. “నాటకంలో రాక్షసుడి వేషగాడు గూడా దీన్ని ఇట్ల కొట్టలేదు సాబ్!” అని కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయాడు.

పోతే పోయింది, పరీక్ష నోటితో కదా, అనుకున్నాడు విల్సన్.

పరీక్ష రోజు కోటూ తలపాగా వేసుకుని బయల్దేరేసరికి జయశీల గంజి పెట్టిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఇన్నాళ్ళకు నోరు విప్పింది.

“నేనూ వస్తాండాను.”

“యాడికి?”

“మదనపల్లె ఆస్పత్రికి. పన్ను నొస్తాండాది.”

“నిన్నటిదాకా లేదే!”

“పండ్లు కొరుక్కోని, కొరుక్కోని, ఇప్పుడొచ్చింది.”

బొగ్గు బస్సులో ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పెట్రోలు పటాలానికి పోతోంది కాబట్టి బస్సులు బొగ్గు పొగతో నడుస్తున్న కాలం. మిట్ట వచ్చినప్పుడల్లా మగవాళ్ళు దిగి తొయ్యాలి. విల్సన్ ఒక చేత్తో తలపాగా పట్టుకుని, ఇంకో చేత్తో బస్సు తోస్తూ, “ఐ యామ్ ఎ పీస్‌ఫుల్ మ్యాన్” అని వల్లె వేస్తూనే ఉన్నాడు. మదనపల్లె చేరేసరికి కోటు నల్లబడింది, ముఖం ఎర్రబడింది.

“ఆస్పత్రి అట్ల,” అన్నాడు.

“ఎండ తగ్గినాక పోతా,” అని దొరసాని బంగళా అరుగు మీద కూలబడింది జయశీల.

లోపల మిస్ థాంప్సన్ పెద్ద బల్ల వెనక కూర్చుని ఉంది. సత్యవేదం చెప్పినట్టే అడిగింది. సంగీతానికీ మీ మనసుకూ ఉన్న సంబంధం ఏమిటి, మిస్టర్ విల్సన్?

విల్సన్ గొంతు సవరించుకుని మొదలెట్టాడు. శాంతమూర్తి దాటాడు. హార్మోనియం దాటాడు. పిట్ట ఎగిరింది. గొంతు లేని భార్యనూ దాటాడు. దొరసాని ముఖం వికసించింది. “చాలా బాగుంది!” అంటూ లేచి, మూలనున్న పెట్టె మీది గుడ్డ తీసింది. నిగనిగలాడే హార్మోనియం. “ఏదీ, ఒక పాట వాయించండి.”

అది ఉపన్యాసంలో లేదు.

“వేలు బెణికిందమ్మా.”

“పోనీ, పాడండి.”

“గొంతు బొంగురు పోయిందమ్మా. బస్సు పొగ.”

“అయ్యో! అయితే మీ కోపాన్ని పోగొట్టే ఆ పాట ఏదో చెప్పండి చాలు. మీ భార్యకు ఓపిగ్గా నేర్పుతున్నది ఏ పాట?”

విల్సన్‌కు ఒక్క పాట పేరూ గుర్తు రాలేదు. చెవి దాకా వచ్చిన ప్రతి పాటనూ మధ్యలోనే తరిమేసిన మనిషికి ఏం గుర్తుంటుంది? “ద సాంగ్... ద సాంగ్ ఈజ్...” అని నీళ్ళు నమిలాడు.

సరిగ్గా అప్పుడు అరుగు మీంచి సన్నగా ఒక రాగం వినిపించింది. సన్నగా మొదలై, కాస్త పెరిగి, కిటికీలోంచి తిన్నగా లోపలికే వచ్చింది.

విల్సన్ ఆలోచించి చేసింది కాదు. అలవాటు. ఆ గొంతు వినబడితే అతని నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

“గమ్మునుండవే! ఈడ ఇంగ్లీషు మాట్లాడతాండా!”

బంగళా అద్దాలు గలగలమన్నాయి. దొరసాని చేతిలోని గుడ్డ జారి కిందపడింది. ఈ జిల్లాలోనే తల నెరిసిన మనిషి, తెలుగు రాకపోలేదు. కాకపోతే బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

“ఆ స్త్రీ ఎవరు?” అంది నింపాదిగా.

“నా... నా వైఫ్ అమ్మా.”

“గొంతు లేని స్త్రీ ఆమెయేనా? ఆమెను లోపలికి పిలువుము.”

జయశీల కొంగు కప్పుకుని వచ్చి నిలబడింది. దొరసాని ఆమెను కూడా ఇంగ్లీషులో అదే ప్రశ్న అడిగింది. విల్సన్ కళ్ళతో బతిమాలాడు. జయశీల ఆ కళ్ళ వంక చూడలేదు. ఆమె ఇంగ్లీషులో తప్పులున్నాయి గానీ తడబాటు లేదు.

“నేను పాడితే ఆయన అరుస్తారు, మేడమ్. ఆయన అరిస్తే నేను లోపల పాడుకుంటాను. పెళ్ళయినప్పటి నుంచీ లోపలే పాడుకుంటున్నాను.” మూలనున్న పెట్టె వైపు చూసింది. “లోపల నిండిపోయింది, మేడమ్.”

దొరసాని హార్మోనియం వైపు చెయ్యి చూపించింది.

హార్మోనియం హాస్టల్లో నేర్చిందే. జయశీల పాడింది. తీయగా, కమ్మగా పాడిందనుకునేరు! కోపంగా పాడింది. తిత్తిని ఊపుతుంటే గాజులు చిట్లుతాయేమో అనిపించింది. తోమిన అంట్లూ, ఏరిన బియ్యమూ, మింగిన రాగాలూ అన్నీ కలిసి ఒక్కసారే బయటికొచ్చాయి. పక్క బళ్ళోంచి ఆడపిల్లలు వచ్చి కిటికీలకు అతుక్కుపోయారు. విల్సన్ జీవితంలో మొదటిసారి ఒక పాటను చివరిదాకా విన్నాడు. మధ్యలో అరవడానికి ఎవరూ అవకాశం ఇవ్వలేదు.

“సంగీతమనగా ఇది. మూడ్ అనగా కూడా ఇదియే,” అంది మిస్ థాంప్సన్ కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఇంగ్లీషు పోస్టు వేరెవరికో పోయింది. ఆడపిల్లల బడిలో పాటల టీచరు పోస్టు జయశీలకు దక్కింది, ఉండడానికి ఇల్లుతో సహా.

తిరుగు బస్సులో విల్సన్ పుంగనూరు పొలిమేర దాకా అరుస్తూనే ఉన్నాడు. “నా పరీచ్చ సెడగొట్టి నీ పరీచ్చ రాసుకుంటివి గదే! నేను ఒప్పుకోను! యాడికీ పోయేది లేదు!”

“అరవండి, అరవండి,” అంది జయశీల కిటికీలోంచి బయటికి చూస్తూ. “మీరు అరిసినా పోతా, అరవకపోయినా పోతా. అరవకుంటే మీకు గొంతు మిగుల్తాది.”

“పన్ను నొప్పంటివే!”

“అంత పాట పాడినాక ఇంకేం నొప్పి? పోయింది.”

సత్యవేదం కుప్పం నుంచి వచ్చి చెల్లెలి పెట్టె బస్సెక్కించాడు. “నువ్వు తెచ్చిన కబురే గదా ఇదంతా!” అని విల్సన్ అతని మీద పడ్డాడు. “కబురు తెస్తి గానీ, ఎవురికి పనికొస్తాదో నాకేం తెలుసు బావా!” అన్నాడు సత్యవేదం.

ఆ తర్వాత విల్సన్ పుంగనూరు ఇంట్లో ఒంటరిగా చాలా కష్టపడి అరిచాడు. “ఉప్పు యాడ పెట్టినావే?” అంటే జవాబు లేదు. “నీళ్ళు కాగలేదే!” అంటే కుండ పలకలేదు. అరుపు పోయి గోడకు కొట్టుకుని మళ్ళీ తన చెవిలోకే వచ్చేది. ఇంత కఠోరంగా ఉంటుందా ఇది, అని అతనికే ఆశ్చర్యం వేసింది. ఆ ఆశ్చర్యం మీద కూడా కోపం వచ్చింది.

ఒక శనివారం ఇక లాభం లేదని మదనపల్లె బస్సెక్కాడు. దారి పొడుగునా కొత్త ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాడు. ఈసారి తెలుగులోనే. ‘మూటా ముల్లే సర్దుకో, లేకుంటే జరిగేది వేరే’ అని దాని మొదలు.

జయశీల ఇంటి అరుగు నిండా ఆడపిల్లలు. అందరూ ఒకే స్వరం పట్టుకుని ఉన్నారు. విల్సన్ గేటు తీసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి, నోరు తెరిచాడు.

జయశీల చేత్తోనే వారించింది. “చెప్పులూ కోపమూ గేటు కాడే విడిసి రాండి. పిల్లకాయలు బెదురుకుంటారు.”

పిల్లలంతా ఒక్కసారి తిరిగి చూశారు. అన్ని జతల కళ్ళ ముందు పీల్చిన గాలిని ఏం చెయ్యాలో తెలియక మెల్లగా వదిలేశాడు. చెప్పులు విడిచాడు. చివరి వరసలో, అందరికన్నా చిన్న పిల్ల పక్కన, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఉపన్యాసం మొదలు మరిచిపోయాడు.

పాట అయ్యాక జయశీల అతని ముందుకు వచ్చి, టీచర్లు అడిగినట్టే ఇంగ్లీషు కలిపి అడిగింది. “మిస్టర్ విల్సన్, ఇప్పుడు మీ మూడ్ ఎట్లుండాది? యాంగ్రీనా?”

విల్సన్ అటూ ఇటూ చూశాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

“హంగ్రీ,” అన్నాడు నేల చూపులు చూస్తూ.

“అయితే పాసయినట్టే. పొయ్యి మీద సంగటి ఉండాది. దించి, గెలికి, ముద్దలు చెయ్యండి. నాకు గూడా ఒకటి తీసిపెట్టండి. పిల్లకాయలకు ఇంకో పాట సెప్పల్ల.”

విల్సన్ అయ్యవారు కోటు విప్పి కొక్కేనికి తగిలించి, వంటింట్లోకి నడిచాడు. లోపల్నించి గరిటె చప్పుడు తప్ప, పాట అయ్యేదాకా ఇంకే చప్పుడూ రాలేదు.